నోరులేని జీవాలకు మనమిచ్చే దానం

ఆమధ్య మా నాన్నగారి సంవత్సరీకం నాడు మా గుమ్మంలోకి ఒక రసీదు పుస్తకం వచ్చింది. పట్టుకొచ్చిన పెద్దమనిషి ఆవు బొమ్మ ఉన్న క్యాలెండరు ఒకటి చేతిలో పెట్టి, "అమ్మా, నోరులేని జీవాలకు ఒక పూట గ్రాసం" అన్నాడు. ఆ రోజున ఆ మాట వింటే ఎవరికి మాత్రం మనసు కరగదు? మా తోడికోడలూ, నేనూ కలిసి వెయ్యిన్నూట పదహార్లు ఇచ్చాం. రసీదు తీసుకుని దేవుడి పటం వెనక దోపాను. అక్కడితో మన ధర్మం అయిపోయిందనుకున్నాను.

రెండు నెలల తరవాత మా ఊరు ఈపూరు వెడుతూ, దారిలోనే గదా అని ఆ రసీదు మీద ఉన్న చోటుకి వెళ్ళాం. ముళ్ళకంచె, పెద్ద బోర్డు, లోపల రేకుల పాక. పాకలో మూడు ఆవులు, ఒక దూడ. నీళ్ళ తొట్టి అడుగున పాచి పట్టి ఎండిపోయి ఉంది. చూసుకునే కుర్రవాణ్ణి, "మిగతా గొడ్లేవి నాయనా?" అని అడిగాను. "ఇవి శనివారం వచ్చేవాళ్ళు చూడ్డానికమ్మా. మిగతావి ఎటు పోయినాయో నాకు తెలవదు" అన్నాడు. వాడి తప్పేం లేదు, పాపం. తప్పు నాది. కూరగాయల బండి దగ్గర అర్ధరూపాయి బేరానికి పావుగంట నిలబడే దాన్ని, ఇక్కడ వెయ్యిన్నూట పదహార్లు ఇస్తూ ఒక్క ప్రశ్న అడగలేదు.

ఆ సాయంత్రం ఈపూరులో మా పాత గొడ్లసావిడి అరుగు మీద కూర్చుంటే మా నాయనమ్మ గుర్తుకొచ్చింది. బియ్యం కడిగిన నీళ్ళూ, గంజీ, కాస్త తవుడూ కలిపి కుడితి తొట్టిలో పోసేది. మా గొడ్లే కాదు, దారిన పోయే గొడ్డు ఏదొచ్చినా తాగేది. నాగార్జునసాగర్ కుడి కాలువ నీళ్ళు ఇంకా రాని రోజుల్లో పల్నాటి పల్లెల్లో ఎండాకాలం నీళ్ళంటే ఏమిటో మా ముందు తరం వాళ్ళకి బాగా తెలుసు. ఎవరైనా, "ఎంత పుణ్యం కట్టుకుంటున్నావే!" అంటే ఆవిడ ఒకటే అనేది. "పోసిన దాని పుణ్యం సంగతి తరవాత, తాగిన దాని కడుపు నిండిందా లేదా?"

ఈ నాలుగు మాటలూ మీతో చెప్పుకోవడానికి ఆ ప్రశ్నే కారణం. మూగజీవాల పేరున అడిగేవాళ్ళు ఇవాళ చాలామంది ఉన్నారు. వాళ్ళలో నిజంగా పనిచేసేవాళ్ళూ ఉన్నారు. ఎవరికివ్వాలి, ఎట్లా ఎంచుకోవాలి అన్నది కొత్త చిక్కేమీ కాదు. మన పెద్దవాళ్ళు రెండువేల ఏళ్ళకు పైగా దీన్ని గురించి ఆలోచిస్తూనే ఉన్నారు.

మా పల్నాటిలోనే మొదలుపెడతాను. నరసరావుపేట నుంచి వెళ్ళదగిన దూరంలో, నకరికల్లు మండలంలో చేజర్ల అనే ఊరుంది. అక్కడి స్వామి కపోతేశ్వరుడు. కపోతమంటే పావురం గదా. గుడి వెనక భాగం ఏనుగు వీపులా గుండ్రంగా ఉంటుంది. మొదట అది బౌద్ధుల చైత్యమనీ, తరవాత శివాలయమయిందనీ చరిత్రకారులు అంటారు. స్థలపురాణం మాత్రం మనందరికీ తెలిసిన శిబి చక్రవర్తి కథే. శరణన్న పావురాన్ని కాపాడటానికి రాజు తన మాంసం కోసి తక్కెడలో వేస్తాడు. ఎంత వేసినా పావురం వైపే మొగ్గుతుంది. ఆఖరికి తానే తక్కెడ ఎక్కుతాడు. ఈ కథ బౌద్ధుల జాతకాల్లోనూ ఉంది. మా మాచర్ల దగ్గర నాగార్జునకొండ తవ్వకాల్లో దొరికిన శిల్పాల్లోనూ ఉంది.

చిన్నప్పుడు ఈ కథ వింటే రాజుగారి త్యాగమే కనిపించేది. ఇప్పుడు చూస్తే తక్కెడ కనిపిస్తోంది. శిబి కళ్ళు మూసుకుని ఇవ్వలేదు, తూచి ఇచ్చాడు. ఇంకొకటి, పావురం మీద జాలితో డేగ ఆకలిని మరిచిపోలేదు. ఒక జీవాన్ని కాపాడితే ఇంకొక జీవానికి కలిగే నష్టం ఎవరు భరించాలన్న లెక్క కూడా ఆ తక్కెడలోనే ఉంది. ఆ ఖర్చు ఇంకొకరి నెత్తిన వెయ్యకుండా తానే భరించాడు గనుకనే ఆయన పేరు ఇన్నాళ్ళు నిలిచింది.

పురాణం పక్కన పెట్టి చరిత్రలోకి వద్దాం. కర్నూలు జిల్లాలో గుత్తి నుంచి పత్తికొండ వెళ్ళే వైపు ఎర్రగుడి అనే చోట బండరాళ్ళ మీద అశోకుడి శాసనాలున్నాయి. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్ది నాటివి. వాటిల్లో ఒకదానిలో ఆయన మనుషులకూ, పశువులకూ రెండింటికీ వైద్యం ఏర్పాటు చేశానని చెప్పుకున్నాడు. మందు మొక్కలు లేనిచోట తెప్పించి నాటించాడట. దారుల వెంట బావులు తవ్వించి, చెట్లు పెట్టించాడట. చూశారా, పశువు మీద నాకు ప్రేమ అని ఊరుకోలేదు, ఏం చేశాడో పనులన్నీ వరసగా చెప్పాడు.

ఇంకో శాసనంలో సంగతి మరీ ముచ్చటగా ఉంటుంది. పూర్వం తన వంటశాలలో రోజూ లక్షల ప్రాణులు పోయేవనీ, ఇప్పుడు మూడే పోతున్నాయనీ, రెండు నెమళ్ళూ, ఒక లేడీ అనీ, లేడి కూడా రోజూ కాదనీ, ముందు ముందు అవి కూడా ఉండవనీ చెప్పించాడు. చక్రవర్తి తలుచుకుంటే "నా వంటశాలలో హింసే లేదు" అని చెక్కించుకోలేడా? అట్లా చెయ్యలేదు. ఇంకా మిగిలిన మూడింటినీ ఒప్పుకున్నాడు. ఏ సంస్థ అయినా తాను చెయ్యలేకపోయిన దాన్ని కూడా మనకు చెబుతోందా అన్నది చూడాలంటే ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకదు.

తరవాత మన గుడులు. ద్రాక్షారామంలోనూ, బాపట్ల భావనారాయణస్వామి గుడిలోనూ, ఇంకా ఎన్నో చోట్ల రాళ్ళ మీద అఖండదీపాల దాన శాసనాలున్నాయి. ఎక్కువగా 11, 12, 13 శతాబ్దాల నాటివి. అఖండదీపం అంటే నెయ్యి కావాలి, నెయ్యికి పాడి కావాలి. అంచేత దాత కొన్ని ఆవుల్నో, గొర్రెల్నో గుడికి ఇచ్చేవాడు. ఆ మంద మేపుకునేవాడికి అప్పగించేవారు. వాడు రోజూ ఇంత కొలత నెయ్యి తెచ్చి దీపానికి పోయాలి. రాయి మీద దాత పేరు, జీవాల సంఖ్య, మేపేవాడి పేరు, నెయ్యి కొలత, ఆచంద్రార్కం జరగాలన్న షరతు అన్నీ ఉంటాయి. తమిళ శాసనాల్లో ఇలాంటి గొర్రెల్ని "చావని, ముసలివి కాని గొర్రెలు" అనేవారు. నిజంగా చావవని కాదు, చచ్చినవాటికి బదులు పిల్లల్ని పెంచి మంద లెక్క ఎప్పుడూ తగ్గకుండా చూడాలని అర్థం.

నిజం చెప్పుకోవాలంటే ఆ దానం దీపం కోసమే గాని గొర్రె కోసం కాదు. అయినా దానమిచ్చే పద్ధతిలో మనం నేర్చుకోవలసింది అందులో ఉంది. ఎన్ని జీవాలు? ఎవరి చేతిలో? రోజూ ఏం జరగాలి? రేపు ఎవరు జవాబుదారీ? ఆనాటి దాత ఈ నాలుగూ రాతి మీద చెక్కించాడు. ఈనాడు నేను ఒక్కటీ అడగకుండా క్యాలెండరు పుచ్చుకున్నాను.

ఇందులోనే ఇంకొక సంగతి. మనలో చాలామంది కోడెమొక్కులు మొక్కుకుంటాం. వేములవాడ రాజన్నకూ, సింహాచలం అప్పన్నకూ కోడెల మొక్కు పెద్దల నాటి నుంచి వస్తున్నదే. నాగలికీ, బండికీ ఎద్దు కావలసిన రోజుల్లో ఇచ్చిన కోడె ఎవరికో ఒకరికి ఆధారమయ్యేది. ఇవాళ మా ఈపూరు చుట్టుపట్ల కూడా దున్నకం ట్రాక్టరుదే. మగదూడకి పొలంలో పని లేదు. దూడను ఇచ్చి చేతులు దులుపుకుంటే, తరవాత ఏళ్ళ తరబడి దాని గడ్డి ఎవరు పెట్టాలి? మొక్కు మానుకోమనడం లేదు. దూడతో బాటు దాని మేత కూడా లెక్కలోకి రావాలంటున్నాను. పాలు వట్టిపోయిన ఆవు సంగతీ ఇంతే.

పాలివ్వని, పనికిరాని గొడ్డుకు నీడ కల్పించే సంస్థలు ఉత్తరాదిన ముందే పుట్టాయి. గుజరాతు వైపు వర్తకులు, ముఖ్యంగా జైనులు, పింజరాపోల్ అనే శాలలు పెట్టారు. ముసలి గొడ్లూ, కుంటి గుర్రాలూ, రెక్కవిరిగిన పక్షులూ అన్నీ అక్కడ ఉండేవి. ఖర్చుకు వర్తకులు తమ సరుకు మీద ఇంతని లాగా వేసుకునేవారు. ఊగిసలాడే చందా కాదు, కట్టుబడి అన్నమాట. బొంబాయిలో 1832లో ప్రభుత్వం వీధికుక్కల్ని చంపిస్తుంటే పార్శీలు ఎదురుతిరిగి పెద్ద గొడవ అయింది. దాని తరవాత 1834లో జంషెట్జీ జీజీభాయ్, తోటి వర్తకులూ కలిసి అక్కడ పింజరాపోల్ పెట్టారు.

మన పల్లెల్లో తెల్లవాళ్ళ కాలంలో వచ్చింది మాత్రం బందెలదొడ్డి. 1871 నాటి పశువుల అక్రమ ప్రవేశ చట్టం కింద చేలో పడ్డ గొడ్డును తోలుకెళ్ళి బందెలదొడ్డిలో పెట్టేవారు. యజమాని జరిమానా, మేత ఖర్చూ కట్టి విడిపించుకోవాలి. లేకపోతే వేలం. అది పంటను కాపాడే ఏర్పాటు గాని పశువును కాపాడేది కాదు. చుట్టూ గోడ, లోపల గొడ్డు ఉన్నంత మాత్రాన అది గోశాల అయిపోదని దాన్ని చూస్తే తెలుస్తుంది. నేను చూసిన ముళ్ళకంచె కూడా అట్లాంటిదే కాబోలు.

ఇక సంఘాలు. జంతుహింస నివారణ సంఘం మొట్టమొదట లండన్‌లో 1824లో పుట్టింది. దాన్ని స్థాపించిన ఆర్థర్ బ్రూమ్ అనే మతగురువు సంఘం చేసిన అప్పులకు జైలుకు వెళ్ళవలసి వచ్చింది. మంచి మనసు ఉండి లెక్కలు సరిగా లేకపోతే ఏమవుతుందో చూడండి. తరవాత కోలుకుని, 1840లో విక్టోరియా రాణి ఆదరణతో రాయల్ అన్న పేరు సంపాదించుకుంది. మన దేశంలో కలకత్తాలో 1861లో కోల్స్‌వర్దీ గ్రాంట్ ఇట్లాంటి సంఘమే పెట్టాడు. 1890లో దేశానికంతటికీ ఒక చట్టం వచ్చింది.

స్వరాజ్యం వచ్చాక ఆ చట్టం చాలదని పట్టుబట్టింది ఒక స్త్రీ. ఆవిడ కళాక్షేత్రం రుక్మిణీదేవి అరండేల్. నాట్యానికే పేరు గాని, 1952లో రాజ్యసభకు నియమింపబడ్డాక ఆవిడ తెచ్చిన ప్రైవేటు బిల్లు జంతువుల గురించి. ప్రభుత్వమే చట్టం తెస్తుందని ప్రధాని నెహ్రూ మాట ఇచ్చాక దాన్ని ఉపసంహరించుకుంది. 1960లో జంతు హింస నివారణ చట్టం వచ్చింది. దాని కింద 1962లో ఏర్పడ్డ భారత జంతు సంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలు ఆవిడే. మొదట మద్రాసులో ఉన్న ఆ మండలి ఆఫీసు 2018లో హర్యానాలోని బల్లభ్‌గఢ్‌కు మారింది. ఇవాళ ఏ సంస్థ అయినా "మాకు మండలి గుర్తింపు ఉంది" అంటే ఆ గుర్తింపు ఈ మండలిదే.

కాని ఆ చట్టంలో మొదటి తప్పుకు జరిమానా ఎంత పెట్టారో తెలుసా? పది రూపాయల నుంచి యాభై రూపాయల దాకా. 1960లో యాభై రూపాయలంటే విలువే. ఇవాళ అర్ధకిలో టమాటాలకీ, కొత్తిమీర కట్టకీ సరిపోతుంది. చట్టం ఉంది గదా అని మనం ఊరుకోలేకపోవడానికి ఇదొక కారణం. చట్టం చెయ్యలేని పని ఈ సంస్థలు చెయ్యాలి, సంస్థల్ని మనం నిలబెట్టాలి.

మరి ఏ పని చేసే సంస్థను నిలబెట్టాలి? ఇక్కడ మద్రాసు కథ చెబుతాను. మద్రాసు కార్పొరేషను 19వ శతాబ్దిలో మొదలుపెట్టి, వీధికుక్కల్ని పట్టి చంపుతూనే ఉంది. 1990ల నాటికి రోజుకు వందకు పైగా చంపేది. అన్నేళ్ళు చంపినా కుక్కలూ తగ్గలేదు, రేబిస్ భయమూ తగ్గలేదు. అదే ఊళ్ళో 1959లో కెప్టెన్ సుందరం, ఆయన భార్య ఉషా సుందరం బ్లూక్రాస్ సంస్థ పెట్టారు. ఇద్దరూ విమానాలు నడిపినవాళ్ళే. వీళ్ళ సంస్థ 1964 నుంచీ చెబుతూ వచ్చింది, చంపడం కాదు, పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలండి అని. 1996కి గాని కార్పొరేషను ఆ దారికి రాలేదు. తరవాత 2001లో అదే పద్ధతి దేశమంతటికీ నియమాలుగా వచ్చింది. 2023లో కొత్త నియమాలు వచ్చాయి. బళ్ళు, ఆస్పత్రులు, బస్టాండ్ల వంటి చోట్ల పట్టిన కుక్కల్ని తిరిగి అక్కడే వదలవద్దని సుప్రీంకోర్టు 2025లో చెప్పింది.

మన లెక్క మనం వేసుకుందాం. ఆడకుక్క ఏడాదికి రెండు మార్లు కూడా ఈనవచ్చు. ఈతకు నాలుగైదు పిల్లలు. వాటిలో చాలా మటుకు మోటారు కింద పడో, తిండి లేకో, జబ్బు చేసో పోతాయి. ఒక గాయపడ్డ పిల్లను తెచ్చి సాకడానికి నెలల ఖర్చు. తల్లికి ఒక్కసారి ఆపరేషను చేయిస్తే అన్ని బాధలు ముందే తప్పుతాయి. కాలు విరిగిన కుక్కపిల్ల ఫొటో చూస్తే మనకు కళ్ళు చెమరుస్తాయి. ఆపరేషను చేయించుకుని చెవికి గుర్తు పడ్డ కుక్క ఫొటో చూస్తే ఏమీ అనిపించదు. కాని తక్కెడలో వేసి చూస్తే రెండోదే బరువు. వీధిలో ఆడుకునే పిల్లల్ని కుక్కలు కరిచిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. కుక్క మీద జాలికి ఆ పిల్లలు ఖరీదు కట్టకూడదు. శిబి డేగను మరవలేదన్నది ఇందుకే చెప్పాను. టీకా వేసి, ఆపరేషను చేసే సంస్థ కుక్కనూ, పిల్లనూ ఇద్దరినీ కాపాడుతోంది.

మన తెలుగుదేశంలోనూ ఇట్లాంటి సంస్థలు వచ్చాయి. హైదరాబాదులో 1992లో అక్కినేని అమల బ్లూక్రాస్ ప్రారంభించారు. విశాఖపట్నంలో 1996లో విశాఖ జంతు సంరక్షణ సంఘం వచ్చింది. పుట్టపర్తిలో 2000లో కరుణా సొసైటీ వచ్చింది. ఈ మూడింటికే ఇమ్మని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఏదైనా అడిగి తెలుసుకున్నాకే ఇవ్వాలి.

కరుణా సొసైటీ మాట వచ్చింది గనుక ఒకటి చెప్పాలి. రోడ్ల మీద తిరిగే ఆవుల పొట్టల్లోంచి ఆపరేషను చేసి తీస్తే కిలోల కొద్దీ ప్లాస్టిక్ సంచులు బయటపడ్డాయి. దాన్ని పట్టుకుని ఆ సంస్థా, మరికొందరూ 2012లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఆ సంచులు అక్కడికి ఎవరు పంపారు? మనమే గదండీ! అన్నం, కూరగాయ తొక్కలు సంచిలో వేసి, చీమలు పట్టకుండా గట్టిగా ముడి వేసి మరీ పారేస్తాం. ముడి విప్పుకునే చేతులు ఆవుకు లేవు, సంచితో సహా మింగుతుంది. పొద్దున గోశాలకు చందా రాసి సాయంత్రం ముడి వేసిన సంచి పారేస్తే, ఒక చేత్తో పెట్టి ఒక చేత్తో విషమిచ్చినట్టే. తొక్కలు విడిగా వెయ్యడానికి పైసా ఖర్చు లేదు. మన దానాల్లో మొదటిది అదే కావాలి.

ఇప్పటిదాకా ఆవుల గురించీ, కుక్కల గురించీ చెప్పుకున్నాం. మనకు కనబడేవి అవే. కనబడనివి కూడా ఉన్నాయి. మా ఈపూరుకు పక్కనే కారెంపూడి. 12వ శతాబ్ది చివర పల్నాటి యుద్ధం జరిగింది అక్కడే, నాగులేటి ఒడ్డున. నాయకురాలు నాగమ్మకీ, బ్రహ్మనాయుడికీ మధ్య కోడిపందెం జరిగిందనీ, ఓడినవారు ఏడేళ్ళు రాజ్యం విడిచి పోవాలనీ మనకు తెలిసిన కథే. వీరుల కోసం ఇప్పటికీ ఉత్సవాలు చేస్తాం. పందెంలో నెత్తురు కారిన కోళ్ళను మాత్రం ఎవరూ తలచుకోరు. కథలో అవి పందెపు సామాను, అంతే.

ఇవాళా అంతే. 2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో కోళ్ళు, బాతులు వగైరా కలిపి 10 కోట్ల 79 లక్షలు. దేశం మొత్తం మీద వీధిన పడ్డ ఆవులూ, ఎద్దులూ 50 లక్షలు. వీధికుక్కలు కోటిన్నర. చూడండి, మన ఒక్క రాష్ట్రంలోని కోళ్ళే వాటన్నిటికీ ఎన్నో రెట్లు. గుడ్లు పెట్టే కోళ్ళలో చాలాభాగం ఇనప గూళ్ళలో ఉంటాయి. ఒక్కొక్క దానికి దక్కే చోటు మనం ఉత్తరం రాసుకునే పెద్ద కాగితమంత కూడా ఉండదు. రెక్క విప్పలేదు, నేల గీకలేదు. ఈ పరిస్థితి మారాలని 2017లో భారత న్యాయ కమిషను కూడా ఒక నివేదిక ఇచ్చింది.

కోడి కోసం చందా అడిగేవాళ్ళు మన గుమ్మంలోకి రారు. వచ్చినా మనం నవ్వుతామేమో! ఇంగ్లండులో రూత్ హారిసన్ అనే ఆవిడకు కూడా మొదట ఈ సంగతులేమీ తెలియవు. ఒకనాడు ఆవిడ ఇంటి తలుపు సందులోంచి ఎవరో ఒక కరపత్రం వేశారు. అందులో కోళ్ళనూ, దూడలనూ ఎట్లా ఇరుకు గూళ్ళలో పెంచుతున్నారో ఉంది. అది చదివి ఊరుకోలేక, ఆవిడ తిరిగి చూసి, 1964లో పుస్తకం రాసింది. మరుసటి ఏడే ప్రభుత్వం వేసిన విచారణ సంఘం నివేదిక ఇచ్చింది. అట్లా మొదలైన ఉద్యమంతో ఐరోపా సమాజం 1999లో చట్టం చేసింది, 2012 నుంచి పాతరకం కోడి గూళ్ళు అక్కడ నిషేధమయ్యాయి. ఆ కరపత్రానికి అయిన ఖర్చెంతో గాని, దాంతో రెక్క చాపుకోగలిగిన కోళ్ళు కోట్లు. పశువును సాకే సంస్థలే కాదు, చట్టం కోసం, మంచి పద్ధతుల కోసం పాటుపడే సంస్థలు కూడా మన చందాకు తగినవేనని చెప్పడానికి ఇది చెప్పాను.

సరే, ఎంచుకోవడం ఎట్లా? రాతి శాసనాల నాలుగు ప్రశ్నలే మన నాలుగు ప్రశ్నలు.

మొదటిది, ఎన్ని జీవాలు? ఈ ఏడాది ఎన్ని వచ్చాయి, ఎన్ని కోలుకున్నాయి, ఎన్ని చనిపోయాయి అని అడగండి. చనిపోయినవి ఒక్కటీ లేవన్నవాళ్ళను నమ్మకండి. జబ్బుపడ్డవాటిని, ముసలివాటిని చేర్చుకునే చోట చావులు తప్పవు. అశోకుడు మూడు జీవాలను ఒప్పుకున్నట్టు, నిజాయితీ ఉన్న సంస్థ తన కష్టం కూడా చెబుతుంది.

రెండోది, ఎవరి చేతిలో? సంఘం రిజిస్టరు అయిందా, మండలి గుర్తింపు ఉందా, పశువైద్యుడు రోజూ వస్తాడా, ఆడిటు అయిన లెక్కలు చూపుతారా? పన్ను రాయితీ రసీదు ఉంటే మంచిదే, కాని అది లెక్కలకు గుర్తు గాని దయకు గుర్తు కాదు.

మూడోది, రోజూ జరిగేదేమిటి? వీలైతే చెప్పకుండా ఒక మామూలు రోజున వెళ్ళండి, పండగనాడు కాదు. ఆఫీసు గది చూడకండి, నీళ్ళ తొట్టి చూడండి. తొట్టి కడిగి నిండుగా ఉంటే మిగతాది సగం నమ్మవచ్చు. పాకలో పట్టేవాటికన్న ఎక్కువ జీవాలను కుక్కి పెట్టినా అనుమానించవలసిందే. ఉన్నవాటికి మేత చాలనప్పుడు కొత్తవాటిని చేర్చుకోవడం దయ కాదు.

నాలుగోది, రేపటి సంగతేమిటి? ఈ దయకు ఖర్చు ఎవరు భరిస్తున్నారు? బాధ మళ్ళీ పుట్టకుండా ఏం చేస్తున్నారు? ఆపరేషన్లు, టీకాలు, రైతుకు పశువైద్యం, చట్టం కోసం పాటు, వీటిల్లో ఏదో ఒకటి ఉన్న సంస్థకు మన రూపాయి ఎక్కువ పనిచేస్తుంది.

ఇన్ని అడిగితే చిన్నబుచ్చుకుంటారేమోనని మీకు మొహమాటం కలగవచ్చు. నాకూ కలిగింది. నిజంగా పనిచేసేవాళ్ళు చిన్నబుచ్చుకోరు, అడిగేవాళ్ళు దొరికారని సంతోషిస్తారు. నేను ఒక చోట అడిగితే ఆ సంస్థ వాళ్ళు చనిపోయిన జీవాల పుస్తకం తెచ్చి నా ముందు పెట్టారు. ప్రతి దాని పక్కనా జబ్బు పేరు రాసి ఉంది. ఆ పుస్తకం చూసి కళ్ళు తుడుచుకుని, నా నెల చందా అక్కడే రాశాను. సంవత్సరీకానికి ఒక్కసారి వెయ్యిన్నూట పదహార్లకన్న నెలనెలా వంద రూపాయలు వాళ్ళకు ఎక్కువ ఉపయోగమని వాళ్ళే చెప్పారు. గొడ్డు రోజూ తింటుంది గాని సంవత్సరీకం నాడే తినదు గదా.

మా వారు నవ్వుతూ, "దానానికి కూడా ఇంత బేరమా?" అన్నారు. బేరం కాదండీ, తూకం. కష్టపడి మిగిల్చిన డబ్బు అది. పోపుల డబ్బాలో దాచిన ప్రతి రూపాయికీ మనం లెక్క చెప్పుకుంటాం. నోరులేని దానికి వెళ్ళే రూపాయికి లెక్క అడగడానికి దానికి నోరు లేదు. దాని తరఫున మనమే అడగాలి.

పోయిన నెల ఈపూరు వెళ్ళినప్పుడు పాత సావిడి ముందు కుడితి తొట్టి మట్టితో పూడిపోయి ఉంటే మా మరిదీ, నేనూ తీయించి, కడిగించి నీళ్ళు పోయించాం. మర్నాడు పొద్దున చూస్తే సగం ఖాళీ అయింది. రాత్రి ఎవరి గొడ్డు తాగి వెళ్ళిందో తెలియదు. తాగిందన్నది మాత్రం నిజం.